నా చేతిరాత

గ్రీమ్స్‌పేట టీముకి సున్నం గీతలేసేవాణ్ణి నేను.
మ్యాచికి ముందురోజు సాయంత్రం
డబ్బాకి బొక్కలు కొట్టుకోని, తాడు పట్టుకోని
నడిమి గీత కాడ్నించి మొదలుపెట్టేవాణ్ణి.
చేతిరాత కూడా బాగుండేది.
అదే నా కొంప ముంచింది.

మేనేజరు వేలాయుధం
చక్కెర ఫ్యాక్టరీలో టైంకీపరుగా చేసి దిగినోడు.
ఎవురు ఎన్ని నిమిషాలు ఆలస్యమో
ఇరవై ఏండ్లు రాసిపెట్టినోడికి
ఎవుర్ని ఏడ గిల్లితే లేస్తారో తెలీకుండా ఉంటుందా!
ఆ పొద్దు టీకొట్టు వెనక్కి పిలిచి
ఇన్‌లాండు లెటరు చేతిలో పెట్టినాడు.
"రాయి అబ్బయా,
సంతపేటోళ్లు మనకి రాసినట్టు రాయి."

రాసినాను.
'గ్రీమ్స్‌పేట పిల్లోళ్లకు,
మీ గోలీ చేతులు అడుగూడిన మామిడికాయల గంపలు.
మీ గజేంద్ర నాయన మా మండీలో బెల్లం మూటలు మోసినోడు.
వంచిన నడుం కొడుక్కి మాత్రం నిలుస్తుందా?'
ఆడ కలం ఆపినాను.
"నాయన మాట వద్దు సార్."
"నాయన మాటే కావాల," అన్నాడు
టీలో బన్ను ముంచుకుంటా.

ఆదివారం రేకుల రూములో ఆ జాబు చదివినాడు.
అరిచి కాదు.
చావు కబురు చదివినట్టు, మెల్లిగా.
మధ్యలో కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
గజేంద్ర బూటు లేసు కడతా కడతా తెంపేసినాడు.

నేను మూలన డబ్బాతో నిలబడి ఉండా.
ప్రతి అక్షరమూ నాదే,
తోక సాగిన ఆ 'క' ఒత్తు కూడా నాదే.
అయినా ఏం చెప్పేది,
గంపలు అన్నాడో లేదో నా చెవులు కాలినాయి.
నేను రాసిన మాటకి
నాకే రోషం వచ్చింది.
గేటు కాడ సంతపేటోడు ఒక్కడు దొరికుంటే
గీతలేసే చేత్తోనే కొట్టుందును.

అంతకుముందు మా ఆటకి ముప్పై మంది, రెండు కుక్కలు.
ఆ దినం గోడ మీద కూడా జాగా లేదు.
పల్లీల మునెమ్మ హాఫ్‌టైముకే గంప బోర్లించింది.
"చూసినావా," అన్నాడు వేలాయుధం,
"పగ లేని ఆటకి పల్లీలు కూడా అమ్ముడుపోవు."

మూడో నెలకి నిజం జాబులు రాను మొదలుపెట్టినాయి.
ఎర్ర ఇంకు, కోడి గీతలు.
మేము రాసుకున్నదాని కంటే
వాళ్లు తక్కువే తిట్టినారు.

మా వీధిలో సంతపేట బెల్లం కొనేది మానేసినారు.
ఆ ఏడు పొంగలి చప్పంగా తిన్నాం, గర్వంగా.
వాళ్ల మంగలి మా తలకాయలు ముట్టలా.
ఒక వానసాయంత్రం, బంతి లేని చోట,
ఎవుడో గజేంద్ర మోకాలు మీదికి రెండు కాళ్లతో దూకినాడు.
విరిగిన చప్పుడు
గోలు పోస్టు కాడికి వినబడింది.

మరుసటేడు వేలాయుధం సంతపేటకి మేనేజరైనాడు.
నెలకి మూడువేలు ఎక్కువంట.
మొదటి మ్యాచి రోజు నేను గీతలేస్తా ఉంటే
రేకుల అవతల అదే గొంతు,
అదే చావు కబురు:
'సంతపేట పిల్లోళ్లకు...'
ఎవురి చేత రాయించినాడో.
బయటికి వచ్చి నన్ను చూసి నవ్వినాడు.
"గీత వంకర పోతా ఉంది అబ్బయా."
నిజంగానే పోయింది.
చెరిపి మళ్లీ వేసినాను.

గజేంద్ర ఇప్పుడు కట్టమంచి దోవలో పంచర్లేస్తాడు.
మొన్న నా సైకిలు ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతా
గోడ మీది ప్లాస్టిక్ కవరు చూపించినాడు.
అందులో ఆ జాబు. మడతల కాడ చిరిగిపోయి.
"తిట్టేది తిట్టినాడు గానీ నా కొడుకు,
ముత్యాలన్నా, ముత్యాలు. ఎంత ముద్దుగా రాసినాడో చూడు."

చూసినాను.
"అవును," అన్నాను,
"బాగుంది చేతిరాత."